గ్రామాల మీదుగా విద్యుత్ తీగలు: ప్రజల ఆందోళనలు, కొలతలు, హక్కులు

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
- గ్రామాల్లో కనిపించే విద్యుత్ లైన్లను వాటి వోల్టేజీ, యాజమాన్యాన్ని బట్టి గుర్తించగలుగుతారు;
- తీగలు కిందికి వేలాడటానికి కారణాలను వివరించగలుగుతారు;
- భూమి, చెట్లు, ఆరోగ్యం, ప్రాణభద్రతకు సంబంధించిన ఆందోళనలను వేరుచేసి చూడగలుగుతారు;
- ఒక్కో ఆందోళనను ఏ చట్టం కింద, ఎవరి ముందు ఉంచాలో చెప్పగలుగుతారు.

9.1 పరిచయం

జగిత్యాల జిల్లా మల్యాల మండలంలోని కొండగట్టు అంజన్న గుడికి మీరు వెళ్లే ఉంటారు. కొండపైన నిలబడి కిందికి చూస్తే వరి మడులు, మామిడి తోటలు, వాటి మీదుగా సాగే కరెంటు తీగలు కనిపిస్తాయి. ఆ తీగలు లేకపోతే ఈ ప్రాంతంలో బోరు మోటార్లు తిరగవు. సిరిసిల్లలో మరమగ్గాలు ఆడవు. అయినా ఆ తీగల కింద పనిచేసే మనిషి అప్పుడప్పుడు భయంగా తల పైకెత్తి చూస్తూనే ఉంటాడు.

ఈ భయం ఒక్కటి కాదు. నా దగ్గర చదువుకున్న ఒక విద్యార్థిది కొండగట్టుకు దగ్గరలోని పల్లె. చాలా ఏళ్ల క్రితం ఆ ఊరివాళ్లు నలభై సంతకాలతో ఒక అర్జీ రాశారు. పొలంలో 11 కేవీ తీగ కిందికి వేలాడుతున్నదని, తోటలోంచి టవర్ లైను పోతే పరిహారం చాలదని, తీగల నుంచి వచ్చే ‘రేడియేషన్’ వల్ల జబ్బులు వస్తాయని అందులో ఉంది. మూడు సంగతులూ ఒకే కాగితం మీద రాసి, ఒకే కార్యాలయంలో ఇచ్చారు. జవాబు రాలేదు. మరుసటి వానాకాలంలో ఆ వేలాడే తీగ తెగిపడి రెండు బర్రెలు చచ్చిపోయాయి. వాటిని మేపుతున్న పిల్లవాడు కొద్ది దూరంలో ఉండటం వల్ల బతికాడు.

ఆ కార్యాలయం నిర్లక్ష్యాన్ని నేను సమర్థించను. అయితే ఆ అర్జీలోని మూడు విషయాలు ఒకే లైనుకు, ఒకే నిబంధనకు, ఒకే అధికారికి సంబంధించినవి కావు. కలిపి రాసిన ఫిర్యాదు ఎవరి బల్ల మీదా ఆగదు. ఆందోళనను విడదీసి, సాధ్యమైన చోట కొలతగా మార్చాలి. ఈ భాగంలో మీరు నేర్చుకోవలసిన ముఖ్యాంశం ఇదే.

9.2 లైన్లను గుర్తించడం

మీ ఊరి పొలిమేరలో మూడు రకాల లైన్లు కనిపించవచ్చు.

(అ) ఎల్‌టీ లైను: ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇళ్లకు, బోరు మోటార్లకు వెళ్లేది. త్రీఫేజ్‌లో 400 వోల్టుల స్థాయిలో, సింగిల్ ఫేజ్‌లో 230 వోల్టుల స్థాయిలో ఉంటుంది.

(ఆ) 11 కేవీ, 33 కేవీ లైన్లు: సబ్‌స్టేషన్ నుంచి ట్రాన్స్‌ఫార్మర్ల వరకు 11 కేవీ, ఒక సబ్‌స్టేషన్ నుంచి మరొక దానికి 33 కేవీ లైన్లు వెళ్తాయి. సిమెంటు లేదా ఇనుప స్తంభాలపై, పింగాణీ ఇన్సులేటర్ల మీద మూడు తీగలుంటాయి. వీటికి సాధారణంగా పైతొడుగు ఉండదు.

(ఇ) టవర్ లైన్లు: 132, 220, 400 కేవీ, అంతకు మించినవి. విద్యుత్ కేంద్రాల నుంచి పెద్ద సబ్‌స్టేషన్లకు కరెంటు మోసుకుపోతాయి.

మొదటి రెండు రకాలు పంపిణీ సంస్థవి. జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల్లో ఇది ఎన్‌పీడీసీఎల్. సిరిసిల్ల ప్రాంతంలో మాత్రం సహకార విద్యుత్ సరఫరా సంఘం ఉంది. ప్రజలు దీన్ని ‘సెస్’ అంటారు. గ్రామీణ విద్యుదీకరణ సంస్థ 1969లో ఏర్పడిన తరువాత దేశంలో ప్రయోగాత్మకంగా ప్రారంభించిన ఐదు సహకార సంఘాల్లో ఇది ఒకటి. 1970 నుంచి పనిచేస్తున్నది. వినియోగదారులే ఇందులో సభ్యులు. పాలకవర్గాన్ని వాళ్లే ఓటు వేసి ఎన్నుకుంటారు. కాబట్టి వేలాడే తీగ గురించి కొండగట్టు రైతు పంపిణీ సంస్థ ఇంజనీరును అడగాలి. సిరిసిల్ల రైతుకు ఇంజనీరుతో పాటు తాను ఎన్నుకున్న డైరెక్టరును కూడా అడిగే వీలుంది.

టవర్ లైన్లు రాష్ట్ర ట్రాన్స్‌కోవి గానీ, కేంద్ర ప్రభుత్వ రంగంలోని పవర్‌గ్రిడ్‌వి గానీ, ఇతర ట్రాన్స్‌మిషన్ సంస్థలవి గానీ కావచ్చు. టవర్‌పై ఉండే చిన్న పలకపై లైను పేరు, వోల్టేజీ, టవర్ సంఖ్య రాసి ఉంటాయి. ఫిర్యాదుకు ముందు దూరం నుంచి ఆ పలకను ఫొటో తీసుకోండి.

9.3 తీగ ఎందుకు వేలాడుతుంది?

రెండు స్తంభాల మధ్య ఏ తీగా నిటారుగా ఉండదు. దాని బరువు వల్ల మధ్యలో కొంత వంగుతుంది. ఈ వంపు మూడు విషయాలపై ఆధారపడుతుంది: తీగ బరువు, దాన్ని లాగి కట్టిన బిగువు, స్తంభాల మధ్య దూరం. ఇందులో దూరం ప్రభావం చాలా ఎక్కువ. బిగువు మారకుండా దూరం రెట్టింపైతే వంపు నాలుగు రెట్లవుతుంది. ఉదాహరణకు 60 మీటర్ల దూరంలో అర మీటరు వంపు ఉన్న తీగ, మధ్య స్తంభం పడిపోయి దూరం 120 మీటర్లయితే రెండు మీటర్లు వంగుతుంది. గాలివానకు పడిపోయిన ఒక్క స్తంభాన్ని తిరిగి నిలబెట్టకపోతే తీగ తలకు అందే ఎత్తుకు ఎందుకు వస్తుందో ఈ లెక్క చెబుతుంది.

మిగిలిన కారణాలు మీరు చూసినవే. ఎండాకాలంలో అల్యూమినియం తీగ వేడికి సాగుతుంది. మోటార్లన్నీ ఒకేసారి నడిచినప్పుడు తీగలో పారే కరెంటు దాన్ని ఇంకా వేడెక్కిస్తుంది. స్టే వైరు తెగిన స్తంభం పక్కకు ఒరిగి బిగువు సడలుతుంది. వరి మడిలో నీరు నిలిచి స్తంభం మొదలు మెత్తబడుతుంది. ఊళ్లో పాత రోడ్డు మీద మళ్లీ మళ్లీ సీసీ రోడ్డు పోయడం వల్ల తీగ కదలకపోయినా నేల పైకి వస్తుంది.

తెగిపడిన తీగ గురించి మరొక మాట. ‘తీగ తెగితే సబ్‌స్టేషన్‌లో కరెంటు దానంతట అదే ఆగిపోతుంది’ అనుకుంటారు. అన్నిసార్లూ అలా జరగదు. తెగిన 11 కేవీ తీగ పొడి నేల మీదనో, ఎండుగడ్డి మీదనో పడితే భూమిలోకి పారే కరెంటు చాలా తక్కువగా ఉంటుంది. సబ్‌స్టేషన్‌లోని రక్షణ పరికరం దాన్ని మామూలు వాడకంగానే భావించవచ్చు. తీగ నేల మీద చడీచప్పుడు లేకుండా పడి ఉన్నా అందులో కరెంటు ఉంటుంది. దాని చుట్టూ నేలలో కూడా వోల్టేజీ వ్యాపిస్తుంది. దూరం దూరంగా అడుగులు వేస్తే రెండు పాదాల మధ్య వోల్టేజీ తేడా ఏర్పడి కరెంటు శరీరంలోంచి పోతుంది. పశువుల ముందు కాళ్లకు, వెనుక కాళ్లకు మధ్య దూరం ఎక్కువ కాబట్టి అవి ముందుగా చనిపోతాయి. మీరు అటువంటి తీగ దగ్గర ఉంటే పరుగెత్తకండి. పాదాలు రెండూ నేలకు, ఒకదానికొకటి ఆనించి చిన్నగా జరుపుకుంటూ కనీసం పది మీటర్లు వెనక్కి రండి. పడిపోయిన మనిషిని, పశువును ముట్టుకోకండి. ముందు 1912కు లేదా లైన్‌మన్‌కు ఫోన్ చేసి సరఫరా ఆపించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. స్తంభాల మధ్య దూరం 50 మీటర్ల నుంచి 150 మీటర్లకు పెరిగి, బిగువు మారకపోతే వంపు ఎన్ని రెట్లవుతుంది?
2. తెగిపడిన తీగలో కరెంటు ఆగకపోవడానికి కారణమేమిటి?

9.4 ఎత్తు: నిబంధన ఒకటి, పొలంలో పని మరొకటి

తీగ ఎంత ఎత్తులో ఉండాలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు చెబుతాయి. 2010 నాటి నిబంధనల్లో నేల నుంచి ఉండవలసిన కనీస ఎత్తులు ఇవి:

- రోడ్డును దాటే చోట: ఎల్‌టీ 5.8 మీటర్లు, 11 కేవీ, 33 కేవీ 6.1 మీటర్లు.
- రోడ్డు వెంట: ఎల్‌టీ 5.5 మీటర్లు, 11 కేవీ, 33 కేవీ 5.8 మీటర్లు.
- పొలాల వంటి ఇతర చోట్ల: తొడుగు లేని తీగ అయితే 11 కేవీ వరకు 4.6 మీటర్లు; 33 కేవీ 5.2 మీటర్లు.
- ఇంటి కప్పు నుంచి: ఎల్‌టీ 2.5 మీటర్లు, 11 కేవీ, 33 కేవీ 3.7 మీటర్లు.

2023లో ఈ నిబంధనల స్థానంలో కొత్తవి వచ్చాయి. అర్జీ రాసేటప్పుడు అమల్లో ఉన్న ప్రతిని చూసి అంకె వేయండి.

ఇప్పుడు పొలంలో 4.6 మీటర్లు అంటే ఏమిటో ఆలోచించండి. బోరులో దింపే ఇనుప పైపు సాధారణంగా 20 అడుగులు, అంటే సుమారు 6.1 మీటర్లు. మోటారు చెడిపోయి పైపులు పైకి లాగినప్పుడు ఒక పైపును నిటారుగా నిలబెడితే, నిబంధన ప్రకారం సరైన ఎత్తులోనే ఉన్న తీగను కూడా అది దాటిపోతుంది. వరికోత యంత్రం మీద నిలబడిన మనిషి, గడ్డి ఎత్తుగా వేసిన ట్రాక్టరు, మామిడికాయలు కోసే పొడుగు కర్ర చిక్కం, అల్యూమినియం నిచ్చెన అన్నీ ఈ ఎత్తుకు దగ్గరగా వచ్చేవే. తీగ నిబంధన ప్రకారం ఉందా అని మాత్రమే చూస్తే చాలదు. దాని కింద ఏ పని జరుగుతున్నదో కూడా చూడాలి. బోరు పైన 11 కేవీ తీగ పోతుంటే మోటారు తీసే ముందు లైన్‌మన్ చేత సరఫరా ఆపించడం తప్పనిసరి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మనమే ఫ్యూజు తీసేస్తే చాలు అనుకోకూడదు. ఫ్యూజు తీసినా పైన 11 కేవీ తీగలో కరెంటు ఉంటుంది.

ఊరేగింపుల్లోనూ ఇదే ప్రమాదం. తమిళనాడులో తంజావూరు దగ్గర కలిమేడులో 2022 ఏప్రిల్‌లో గుడి రథం హైటెన్షన్ తీగకు తగిలి 11 మంది మరణించారు. హైదరాబాద్ రామంతాపూర్‌లో 2025 ఆగస్టులో కృష్ణాష్టమి ఊరేగింపు రథం లాగుతూ ఐదుగురు విద్యుదాఘాతానికి బలయ్యారు. వినాయక విగ్రహాలు, ఇనుప గొట్టాలకు కట్టిన జెండాలు ఊరేగే ప్రతి పల్లెలోనూ దారిలోని తీగల ఎత్తును ముందే చూసుకోవాలి.

ఎత్తును ఎలా కొలవాలి? కర్రతో గానీ, టేపుతో గానీ తీగ దగ్గరికి ఎప్పుడూ వెళ్లకండి. చతురస్రాకారపు కాగితాన్ని మూల నుంచి మూలకు మడిచి త్రిభుజం చేయండి. దాని ఒక అంచును నేలకు సమాంతరంగా కంటి దగ్గర పట్టుకుని, వాలు అంచు వెంట తీగలోని అతి తక్కువ ఎత్తు ఉన్న బిందువును చూడండి. అది సరిగ్గా ఆ వాలుపై కనిపించే వరకు, తీగకు అడ్డంగా, చదునైన నేల మీద వెనక్కి నడవండి. మీరు నిలబడిన చోటి నుంచి తీగ కింది బిందువుకు నేల మీద ఉన్న దూరానికి మీ కంటి ఎత్తు కలిపితే తీగ ఎత్తు వస్తుంది. దూరం 2.5 మీటర్లు, కంటి ఎత్తు 1.5 మీటర్లయితే తీగ సుమారు 4 మీటర్ల ఎత్తులో ఉన్నట్లు. ఇది ఉజ్జాయింపే. అయినా ‘తీగ కిందికి ఉంది’ అనే మాటకు, ‘తీగ సుమారు 4 మీటర్ల ఎత్తులో ఉంది, ఉండవలసింది 4.6’ అనే మాటకు చాలా తేడా ఉంది.

9.5 టవర్ లైన్లు: భూమి, చెట్లు, పరిహారం

టవర్ లైను విషయంలో రైతుల మొదటి ప్రశ్న: ‘నా అనుమతి లేకుండా నా పొలంలోకి ఎలా వస్తారు?’ విద్యుత్ చట్టం 2003లోని 164వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం ట్రాన్స్‌మిషన్ సంస్థకు 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలోని అధికారాలను ఇవ్వవచ్చు. ఆ అధికారాలు ఉన్నచోట భూ యజమాని ముందస్తు అంగీకారం అవసరం లేదని సుప్రీంకోర్టు 2016 డిసెంబరులో పవర్‌గ్రిడ్ కేసులో చెప్పింది. అయితే అదే పాత చట్టం సంస్థ మీద రెండు బాధ్యతలు కూడా పెట్టింది: వీలైనంత తక్కువ నష్టం చేయాలి; జరిగిన నష్టానికి పూర్తి పరిహారం ఇవ్వాలి. పరిహారం చాలదనిపిస్తే రైతు జిల్లా జడ్జి ముందుకు వెళ్లవచ్చు.

ఆ అధికారాలు లేని లైసెన్సీ పని చేసేటప్పుడు 67వ సెక్షన్, 2006 నాటి నిబంధనలు వర్తిస్తాయి. అప్పుడు యజమాని అంగీకారం కావాలి. ఆయన అభ్యంతరం చెబితే జిల్లా కలెక్టరు అనుమతి కావాలి. అందువల్ల మీరు మొదట అడగవలసింది ‘ఏ అధికారం కింద వచ్చారు? ఆ ఉత్తర్వు ప్రతి ఇవ్వండి’ అని.

పరిహారంపై కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2015 అక్టోబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. టవర్ నిలబడిన స్థలానికి భూమి విలువలో 85 శాతం, తీగల కింది పట్టీకి 15 శాతం వరకు అన్నది. 2024 జూన్‌లో ఈ అంకెలను 200 శాతానికి, 30 శాతానికి పెంచింది. రాష్ట్రాలు వీటిని పూర్తిగా గానీ, కొంతవరకు గానీ స్వీకరించవచ్చు. కాబట్టి మీ లైనుకు ఏ ఉత్తర్వు వర్తిస్తుందో రాతపూర్వకంగా అడగాలి. పంట, చెట్ల నష్టపరిహారం దీనికి అదనం.

ఒక లెక్క చేద్దాం. 132 కేవీ లైను పట్టీ వెడల్పు 27 మీటర్లు. 220 కేవీకి 35, 400 కేవీకి 46 మీటర్లుగా లెక్కిస్తారు. 132 కేవీ లైను ఒక రైతు పొలంలో 100 మీటర్ల పొడవున పోతే పట్టీ విస్తీర్ణం 2,700 చదరపు మీటర్లు, అంటే సుమారు 27 గుంటలు. ఎకరం విలువ రూ.20 లక్షలు అనుకుంటే ఆ భూమి విలువ సుమారు రూ.13.3 లక్షలు. అందులో 30 శాతం సుమారు రూ.4 లక్షలు.

అది వరి పొలమైతే రైతు తీగల కింద మళ్లీ నాటు వేసుకోవచ్చు. అదే మామిడి తోట అయితే? చెట్టుకు చెట్టుకు 10 మీటర్ల దూరం ఉన్న తోటలో ఆ పట్టీలో 27 చెట్లు పోతాయి. మళ్లీ అక్కడ ఎత్తు పెరిగే చెట్టు పెట్టనివ్వరు. కొత్త తోట మరొక చోట వేసినా పూర్తి కాపుకు రావడానికి పదేళ్లు పడుతుంది. పట్టీ పరిహారం ఇద్దరికీ ఒకటే. నష్టం మాత్రం ఒకటి కాదు. మామిడికి పేరున్న జగిత్యాల ప్రాంతంలో ఈ తేడా చాలా కుటుంబాల బతుకుదెరువును తాకుతుంది. తోట రైతు తన వాదనను భూమి ధర మీద కాక చెట్ల వయసు, కాపు, మిగిలిన జీవితకాలం మీద నిలపాలి. లైను సర్వే జరిగే రోజుల్లోనే చెట్లను లెక్కించి, ఫొటోలు తీసి, ఉద్యానశాఖ అధికారి చేత పరిశీలన చేయించుకోవాలి. చెట్టు కొట్టేశాక సాక్ష్యం ఉండదు.

పంపిణీ లైన్ల విషయానికి వస్తే, పైన చెప్పిన మార్గదర్శకాలు 66 కేవీ, అంతకు పై లైన్లకే. పొలంలో 11 కేవీ స్తంభం వేసిన రైతుకు అవి వర్తించవు. అతనికి 67వ సెక్షన్‌లోని నష్టపరిహారమే ఆధారం. తీగకు అడ్డం వచ్చే చెట్టును తొలగించే విషయంలో మాత్రం 68వ సెక్షన్ స్పష్టంగా ఉంది: లైను కంటే ముందే ఉన్న చెట్టుకు పరిహారం ఇవ్వాలి.

9.6 అయస్కాంత క్షేత్రం, ఆరోగ్యం

టవర్ లైను కింద ట్యూబులైటు పట్టుకుంటే మినుకుమినుకుమంటుంది. తడి గాలిలో తీగలు జుమ్మని మోగుతాయి. 400 కేవీ లైను కింద ఆపిన ట్రాక్టరును ముట్టుకుంటే చిన్న చురుక్కు తగలవచ్చు. ఇవన్నీ నిజమే. తీగల చుట్టూ ఉన్న విద్యుత్ క్షేత్రం వల్ల జరుగుతాయి. కంచెను, ఇనుప షెడ్డును భూమికి ఎర్త్ చేస్తే ఆ చురుక్కు పోతుంది. ఈ అనుభవాల నుంచే ‘ఇంత శక్తి ఉంటే క్యాన్సర్ రాదా?’ అన్న ప్రశ్న పుడుతుంది. అది తీసిపారేయవలసిన ప్రశ్న కాదు.

శాస్త్రం చెప్పేది ఇది. ఈ క్షేత్రాలు 50 హెర్ట్జ్ పౌనఃపున్యంలోవి. ఎక్స్‌రేల వలె కణాల్లోని అణువులను విడగొట్టే శక్తి వీటికి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లో ఇటువంటి అయస్కాంత క్షేత్రాలను ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అనే 2బి వర్గంలో చేర్చింది. ఇళ్లలో సగటున 0.3 నుంచి 0.4 మైక్రోటెస్లాకు మించి క్షేత్రం ఉన్నచోట పిల్లల్లో రక్త క్యాన్సర్‌తో బలహీనమైన సంబంధం కొన్ని అధ్యయనాల్లో కనిపించడం అందుకు కారణం. క్షేత్రమే కారణమని మాత్రం రుజువు కాలేదు. స్వల్పకాలిక ప్రభావాల నుంచి రక్షణకు సాధారణ ప్రజలకు 200 మైక్రోటెస్లాల స్థాయిని అంతర్జాతీయ సంఘం 2010లో సూచించింది. లైను కింద ఉండేది ఆ స్థాయికి చాలా తక్కువ. లైను నుంచి దూరం జరిగే కొద్దీ అది వేగంగా తగ్గిపోతుంది.

కాబట్టి కొత్త ఇల్లు, బడి, అంగన్‌వాడీ కట్టేటప్పుడు టవర్ లైనుకు దూరం పాటించమనడం సబబైన జాగ్రత్త. ఊరంతా రేడియేషన్ గురించి మాట్లాడుకుంటూ పొలంలో వేలాడే తీగను మరచిపోవడం సబబు కాదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2021లో దేశంలో విద్యుదాఘాతంతో 12 వేల మందికి పైగా చనిపోయారు. అడవిపందుల కోసం పొలం చుట్టూ అక్రమంగా కరెంటు తీగ కట్టి, దాన్నే మరచి తొక్కి చనిపోయిన రైతుల వార్తలు మన జిల్లాల్లో మీరూ చదివి ఉంటారు. ఆ తీగ వేసింది విద్యుత్ సంస్థ కాదు, మనమే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
3. టవర్ లైను కింద వరి రైతు నష్టానికి, మామిడి రైతు నష్టానికి తేడా ఏమిటి?
4. ‘2బి వర్గం’ అంటే క్యాన్సర్ వస్తుందని రుజువైనట్లేనా?

9.7 ఎవరిని, ఎలా అడగాలి?

వేలాడే తీగ, ఒరిగిన స్తంభం: లైన్‌మన్, ఏఈ, 1912. స్తంభం సంఖ్య, ఫీడరు పేరు, కొలిచిన ఎత్తు, ఫొటో, తేదీ రాసి రసీదు తీసుకోండి. పని జరగకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. 42వ సెక్షన్ ఈ హక్కునిస్తున్నది.

ప్రమాదం: మనిషి గానీ పశువు గానీ చనిపోతే 161వ సెక్షన్ కింద ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుకు సమాచారం వెళ్లాలి. పోలీసు ఫిర్యాదు, పంచనామా, పశువైద్యుని ధ్రువపత్రం భద్రపరచండి. రోడ్డు మీద పడిన తీగ తగిలి సైకిల్ మీద వెళ్లే వ్యక్తి మరణించిన మధ్యప్రదేశ్ కేసులో, ఎవరో దొంగతనంగా కరెంటు లాగడం వల్ల అలా జరిగిందని విద్యుత్ బోర్డు వాదించింది. సుప్రీంకోర్టు 2002లో ఆ వాదనను అంగీకరించలేదు. ప్రమాదకరమైన వస్తువును సరఫరా చేసే సంస్థకు కఠిన బాధ్యత ఉంటుందని చెప్పింది.

టవర్ పరిహారం: సంస్థ, రెవెన్యూ అధికారులు, కలెక్టరు, చివరకు జిల్లా జడ్జి.

ఇంటి మీది తీగ: ఇల్లు ముందా, తీగ ముందా అన్నదే కీలకం. తీగ కింద కొత్తగా గది లేపేవారు ముందు సంస్థకు రాతపూర్వకంగా తెలియజేయాలి.

మొదట చెప్పిన ఊరివాళ్లు బర్రెలు చచ్చిపోయిన తరువాత రెండో అర్జీ రాశారు. అందులో ఒకే తీగ, రెండు స్తంభాల సంఖ్యలు, ఒక కొలత, చచ్చిన పశువుల ధ్రువపత్రాలు ఉన్నాయి. కొన్ని వారాల్లో మధ్యలో కొత్త స్తంభం పడింది. టవర్ పరిహారం మీద వాళ్లు విడిగా పోరాడారు. ఆ అర్జీ రాసింది దూరవిద్యలో డిగ్రీ చదువుతున్న విద్యార్థే. మీ ఊళ్లోనూ అది రాయగలిగినవారు మీరే కావచ్చు.

9.8 సారాంశం

విద్యుత్ లైన్లపై గ్రామీణుల ఆందోళనలు ప్రాణభద్రత, భూమి, ఆరోగ్యం అని మూడు రకాలు. ఎక్కువ ప్రాణాలు తీసేది తక్కువ ఎత్తులోని మామూలు తీగ. దాన్ని కొలవవచ్చు, ఒక స్తంభంతో సరిచేయవచ్చు. టవర్ లైన్లలో పరిహార హక్కు ఉంది గానీ, దీర్ఘకాలిక తోటల రైతుకు ఆధారాలు ముందే సిద్ధం చేసుకోవడం అవసరం. అయస్కాంత క్షేత్రాల విషయంలో జాగ్రత్త చాలు, భయం అక్కరలేదు. ప్రతి ఆందోళననూ విడిగా, ఆధారంతో, సరైన అధికారి ముందు ఉంచాలి.

9.9 మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. గ్రామీణ ప్రాంతాల్లో తీగలు వేలాడటానికి కారణాలను, నివారణ మార్గాలను వివరించండి.
2. ట్రాన్స్‌మిషన్ లైన్ల పరిహార విధానాన్ని ఒక మామిడి రైతు దృష్టితో విమర్శనాత్మకంగా చర్చించండి.
3. మీ ఊరిలో ఒక తీగ ఎత్తును సురక్షితంగా అంచనా వేసి, దానిపై ఏఈకి ఒక అర్జీ రాయండి.

జవాబులు: 1) తొమ్మిది రెట్లు. 2) పొడి నేలపై భూమిలోకి పారే కరెంటు తక్కువ కావడం వల్ల రక్షణ పరికరం గుర్తించకపోవచ్చు. 3) వరి మళ్లీ వేసుకోవచ్చు; మామిడి చెట్లు శాశ్వతంగా పోతాయి. 4) కాదు, కావచ్చునన్న పరిమిత ఆధారం మాత్రమే.